కాగితం మీద గది

ఆసుపత్రి వార్డులోకి ఎప్పుడు వెళ్ళినా నా కళ్ళు ముందుగా కిటికీ గొళ్ళేల మీదికి పోతాయి. అక్కడ సంచులు వేలాడుతుంటాయి. ఏదో బట్టల కొట్టు పేరు సగం చెరిగిపోయిన గుడ్డ సంచి, మందుల షాపు కవరు, అందులోంచి తొంగిచూసే ఫ్లాస్కు మూత, చుట్ట చుట్టిన తువ్వాలు, ఎక్స్‌రే ఫిల్ములున్న పెద్ద కాగితం కవరు. గొళ్ళెం చాలకపోతే సెలైన్ స్టాండు, అదీ చాలకపోతే మంచం తలవైపు గోడకున్న ఆక్సిజన్ మీటరు. రోగి వెంట వచ్చిన భార్యో, తల్లో, కోడలో పది రోజుల సంసారాన్ని రెండు సంచుల్లో సర్దుకుని వస్తుంది. వాటిని తగిలించడానికి ఒక్క కొయ్య కోసం నాలుగు గోడలూ వెతికి, లేక, చేతికి అందినదానికి తగిలిస్తుంది. నర్సు వచ్చి తియ్యమంటుంది. ఆమె తీసి కింద పెడుతుంది. నర్సు అటు తిరగగానే మళ్ళీ తగిలిస్తుంది, ఎందుకంటే అప్పుడే తుడిచిన నేల తడిగా ఉంది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. మరి ఎవరిని పట్టాలి? ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళుగా నన్నెందుకు వదలడం లేదు?

ఆ గది కట్టకముందే దానికొక కాగితం ఉండి ఉంటుందని నాకు తెలుసు కాబట్టి. భవనాల పనిలో ఉన్నదాన్ని. ఆసుపత్రి లాంటి పెద్ద కట్టడం తలపెట్టినప్పుడు గదికొకటి చొప్పున రూమ్ డేటా షీట్ రాస్తాం. గది పేరు, నంబరు, వైశాల్యం, లోపల ఎందరుంటారు, ఏ పనులు చేస్తారు, పక్కన ఏ గది ఉండాలి, ఏది ఉండకూడదు, నేల ఏ రకం, గోడను ఎంత ఎత్తు వరకు కడగగలగాలి, తలుపు వెడల్పెంత, స్విచ్‌బోర్డు ఎంత ఎత్తులో, ఏ ప్లగ్గులు జనరేటరు మీద, ఏవి యూపీఎస్ మీద, బేసిన్ కుళాయి మోచేత్తో తిప్పేదా కాదా. గాలి ద్వారా సోకే జబ్బున్న రోగిని ఉంచే గదిలో గంటకు 12 సార్లు గాలి మారాలని రాస్తాం. తలుపు తెరిచినప్పుడు బయటి గాలి లోపలికి రావాలి గానీ లోపలిది వరండాలోకి పోకూడదని రాస్తాం. ఆపరేషన్ థియేటరుకు దీన్నే తిరగేసి రాస్తాం, అక్కడ గాలి లోపలి నుంచి బయటికి నెట్టాలి. ఈ కాగితాలంటే నాకు గౌరవం. ఇంకా లేని గదిలో ఇంకా రాని మనిషి ఊపిరి గురించి ఎవరో కూర్చుని ఆలోచించి, అంకె వేసి, కింద సంతకం పెట్టారు. బయటివాళ్ళకు ఇది గుమాస్తా పనిలా కనిపించవచ్చు. నాకు మాత్రం కట్టడంలో మనిషి మీద శ్రద్ధ మొదలయ్యే చోటు ఇదే అనిపిస్తుంది.

అంత శ్రద్ధగా రాసిన కాగితంలో ఆ సంచికి కొయ్య ఎందుకు లేదు? షీటులో ‘గదిలో ఉండేవారు’ అన్న గడి దగ్గర ఆగితే తెలుస్తుంది. రోగి, నర్సు, వచ్చిపోయే డాక్టరు. మహా అయితే చూడవచ్చే బంధువుకు ఒక కుర్చీ. మనం వాడే నమూనాలు చాలావరకు పడమటి దేశాల నుంచి వచ్చినవి. బ్రిటన్ ఆరోగ్యశాఖ ‘యాక్టివిటీ డేటాబేస్’ పేరుతో ఆసుపత్రి గదుల షీట్లను సిద్ధం చేసి పెట్టింది. అందులో నాకు నచ్చేది, సామానుతో కాక పనితో మొదలుపెట్టడం. ఇక్కడ ఎవరు ఏం చేస్తారని ముందు అడిగి, దానికి ఎంత చోటు, ఎంత వెలుతురు, ఏ పరికరం కావాలో తర్వాత తేలుస్తారు. పద్ధతి చాలా మంచిది. కానీ అక్కడ రోగికి అన్నం తినిపించేది, ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది ఆసుపత్రి సిబ్బంది. మన దగ్గర ఆ పనుల్లో సగం ఇంటి మనిషి చేతుల మీదుగా జరుగుతాయి. మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగేది ఆమె, సెలైన్ అయిపోతోందని నర్సును పిలిచేది ఆమె, రాత్రి మంచం కింద చాప వేసుకుని రోగి మూలిగితే లేచేది ఆమె. వార్డు ఆమె మీద ఆధారపడి నడుస్తోంది. కాగితంలో మాత్రం ఆమె లేదు. అక్కడ లేదు కాబట్టి ఆమెకు పడుకునే చోటు లేదు, టిఫిన్ గిన్నె కడుక్కునే కుళాయి లేదు, ఫోను ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు లేదు. డబ్బు చాలక మానేసినవి కావు ఇవి. ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

ఇలా అనుకున్నప్పుడల్లా మనసు వెనక్కి, అమ్మమ్మగారి ఊళ్ళో మండువా ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ ఇంటికి ఏ షీటూ లేదు. అయినా దేనికి ఏ చోటు కావాలో ఆ ఇంటికి తెలుసు. తలుపు పక్కన గోడలో దీపానికి గూడు, వసారాలో కండువాకీ గొడుగుకీ చిలక్కొయ్యలు, వంటింటి దూలానికి ఉట్టి, కవ్వం తాడు కట్టుకోవడానికి అరిగి నున్నబడ్డ స్తంభం, ఊరగాయ జాడీలకు అటక, వీధిలో దారినపోయేవాళ్ళు నడుం వాల్చడానికి అరుగు. ఇవన్నీ మేస్త్రికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనిదీ పక్క ఊరే. వాళ్ళమ్మ కూడా మజ్జిగ చిలికేది, వాళ్ళింట్లోనూ పిల్లి బాధ ఉండేది. కట్టేవాడి బతుకూ ఉండేవాడి బతుకూ ఒకే నేల మీద సాగినంత కాలం కాగితం అవసరం పడలేదు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రికి హైదరాబాదులో కూర్చుని గీస్తాం. ఎవరు కొంటారో తెలియని ఫ్లాట్లకు వంటగదులు గీస్తాం. డయాలసిస్ నర్సు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు వంగి లేస్తుందో గీసేవాడికి తెలిసే దారి లేదు. తెగిపోయిన ఆ ఎరుకను మళ్ళీ అతకడానికే ఈ షీట్లు పుట్టాయేమో. అలా చూస్తే ఇది ఆఫీసు కాగితం ఎలా అవుతుంది? ఒకరికొకరం తెలియని మనుషుల మధ్య పరిచయపత్రం అవుతుంది.

కానీ పాత ఇంటిని ఇలా తలుచుకుని పొంగిపోవడం న్యాయమేనా? అదే ఇంట్లో పురిటి గది ఉండేది. గాలి తగలకూడదని తలుపులు బిగించిన చీకటి గది. నెలలో మూడు రోజులు ఆడవాళ్ళు కూర్చునే చోటు పెరట్లో, పశువుల పాక దగ్గర. పొలం పనివాళ్ళు దొడ్డిగుమ్మం దాకానే, వాళ్ళు తాగే గ్లాసు చూరులో. ఆ ఇంటికి తెలిసినవాటిలో ఎవరు ఎక్కడి దాకా రావచ్చన్నది కూడా ఒకటి. అదీ మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రాయని నియమాల్లో చిలక్కొయ్య ఉన్నట్టే గీత కూడా ఉంది. మరి అన్నీ రాసేస్తే ఆ గీత చెరిగిపోతుందా?

ఈ ప్రశ్నకు నేను ఎదురుచూడని చోట ఒక జవాబు కనిపించింది. క్రిస్టఫర్ అలెగ్జాండర్ 1964లో ‘నోట్స్ ఆన్ ది సింథసిస్ ఆఫ్ ఫామ్’ అనే పుస్తకం వేశాడు. ఒక కట్టడానికి కావలసినవన్నీ ముందు విడివిడిగా రాసి, వాటిలో ఏది దేనితో ముడిపడి ఉందో లెక్కతేల్చి, ఆ ముడుల నుంచి రూపం రాబట్టాలన్నది అందులో అతని ఆశ. దానికి ఉదాహరణగా అతను ఎంచుకున్నది 600 మంది ఉండే ఒక భారతీయ గ్రామం. ఆ ఊరికి కావలసినవి 141 అని జాబితా వేశాడు. ఇంటి వాకిలి దక్షిణానికి ఉండకూడదన్న నమ్మకం అందులో ఉంది, పశువుల సంగతి ఉంది, నీళ్ళ సంగతి ఉంది. అంటరానితనం కూడా ఒక అంశంగా ఉంది! మొదటిసారి చదివినప్పుడు అక్కడ ఆగిపోయాను. అతను దాన్ని సమర్థించలేదు, ఊరు ఉన్నది ఉన్నట్టు నమోదు చేశాడు. కానీ ‘కావలసినవి’ అన్న శీర్షిక కింద చేరగానే అన్యాయం కూడా ఒక అవసరమై, మురుగునీటి వాటం పక్కన, పశువుల మేత పక్కన బుద్ధిగా కూర్చుంది. కాగితం దేన్నయినా మోస్తుంది. ఈనాటి అపార్టుమెంట్ల షీట్లు చూడండి. పనిమనిషి గది ఉంటుంది, అందులో కిటికీ గడి ఖాళీగా ఉంటుంది. పనివాళ్ళకు వేరే లిఫ్టు అని ఉంటుంది. అడిగినవాళ్ళు అడిగారు, రాసినవాళ్ళు రాశారు, కట్టినవాళ్ళు కట్టారు. ఏ చేతికీ మట్టి అంటలేదు. కాబట్టి రాయడం ఒక్కటే చాలదు. ఎవరు చెబితే రాస్తున్నాం, ఎవరికి వ్యతిరేకంగా రాస్తున్నాం అన్న ఎరుక కలం పట్టిన చేతికి ఉండాలి.

అడగడం అనే పనిని ఒక విద్యగా మలిచినవాళ్ళు ఉన్నారు. టెక్సస్‌లో కాడిల్ రౌలెట్ స్కాట్ అనే సంస్థలో పనిచేసిన విలియం పేన్యా, గీత గీయడానికి ముందు సమస్య ఏమిటో తెలుసుకోవడమే ఒక ప్రత్యేకమైన పని అన్నాడు. 1969లో వచ్చిన ‘ప్రాబ్లమ్ సీకింగ్’ ఆ పద్ధతిని చెప్పే పుస్తకం. వాళ్ళు కట్టించుకునేవారి ఊరికే వెళ్ళి మకాం వేసేవారట. విన్న ప్రతి మాటనూ చిన్న కార్డు మీద రాసి గోడకు అంటించేవారు. ఏ గదికి ఎంత చోటో పెద్ద గోధుమరంగు కాగితాల మీద కొలత ప్రకారం గళ్ళుగా గీసి వేలాడదీసేవారు, అంకెలు చదవలేనివారికి కూడా తమ గది పక్కగది కంటే ఎంత చిన్నదో కంటికి తెలిసేలా. ఆ గోడను ఊహించుకుంటే నాకు ముచ్చటేస్తుంది. ఎవరైనా లేచి వెళ్ళి ఒక కార్డు పీకి ఇంకోచోట పెట్టవచ్చు. గోడ కట్టాక ప్లగ్గు జరపాలంటే గాడి కొట్టాలి, పైపు లాగాలి, మళ్ళీ సిమెంటు పూయాలి, రంగు వేయాలి. కార్డు జరపడానికి ఒక చెయ్యి చాలు. అయితే ఆ గోడ ముందు నిలబడే అవకాశం ఎవరికి దొరుకుతుంది? నేను చూసిన సమావేశాల్లో సూపరింటెండెంటు, విభాగాధిపతులు, ఇంజనీర్లు, డబ్బు సంగతి చూసేవాళ్ళు ఉంటారు. వాళ్ళందరూ రావలసినవాళ్ళే. ఆ గదుల్లో ఎక్కువ గంటలు గడిపేవాళ్ళు మాత్రం ఆ సమయానికి డ్యూటీలో ఉంటారు.

వంటగది విషయంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న కార్మికుల ఇళ్ళకు ఒక వంటగది రూపొందించింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. పొయ్యికీ తొట్టికీ మధ్య ఎన్ని అడుగులు, చెయ్యి చాచితే ఏది అందుతుంది, కూర్చుని తరిగే బల్ల ఏ ఎత్తులో ఉండాలి అని ఆడవాళ్ళ శ్రమను లెక్కగట్టి గీసింది. అప్పటిదాకా ఆ శ్రమను కొలవదగినదిగా చూసినవాళ్ళు అరుదు. అందుకు ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ గదిలో ఇద్దరు పట్టరు. అమ్మాయి ఒకవైపు చింతపండు పిసుకుతుంటే తల్లి పోపు వేసే వంట దానికి తెలియదు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటగదికి కనీసం 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. రెండో పడగ్గదికి 7.5 చదరపు మీటర్లు, 2.1 మీటర్ల వెడల్పు. కనీసం అని రాసింది అంతకు తగ్గకుండా మనిషిని కాపాడ్డానికి. మార్కెట్‌లోకి వచ్చేసరికి అదే గరిష్ఠమైపోతుంది. ఆ గదిలో అయిదడుగుల వెడల్పు మంచం గోడకు ఆనించి దించితే పక్కన మిగిలేది రెండడుగుల దారి. ఆ ఇంట్లో ఒకరికి తుంటి ఎముక విరిగితే? చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల చోటు కావాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ప్రజలు వచ్చిపోయే భవనాల షీట్లలో ఆ కొలత చేరింది. మన ఇళ్ళ బాత్‌రూము తలుపు దగ్గరికి మాత్రం ఇంకా రాలేదు. ముసలితనం ప్రతి ఇంటికీ వచ్చేదే, ప్రతి ఇంటి షీటులోంచీ తప్పిపోయేదే. ముప్పయ్యేళ్ళ వయసులో ఇల్లు కొనేవాళ్ళు తమ డెబ్బయ్యేళ్ళ మోకాళ్ళను సమావేశానికి పిలవరు కదా.

ఇంతకీ అన్నీ కొలవగలమా అన్నది ఇంకో అనుమానం. కిటికీ సంగతే తీసుకుంటే, ఉక్కపోసే ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం నేలలో ఆరో వంతు ఉండాలని నియమావళి చెబుతుంది. షీటులో ఆ అంకె వేసి టిక్కు పెడతాం. ఆ కిటికీలోంచి ఏం కనబడుతుంది? దానికి గడి లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ‘నోట్స్ ఆన్ హాస్పిటల్స్’ వెలువరించింది. కప్పు ఎత్తు, మంచాల మధ్య దూరం, కిటికీల అమరిక వంటివాటిని పట్టుబట్టి నిర్ణయించినది ఆమే. నర్సింగు మీద రాసిన పుస్తకంలో, మంచం మీద నుంచి బయటికి చూడలేకపోవడం రోగికి ఎంత బాధో, పూలూ రంగులూ ఎంత మేలు చేస్తాయో కూడా రాసింది. అంకెలు తెలిసిన మనిషే, అంకెకు అందనిదాన్ని కూడా వదల్లేదు. 125 ఏళ్ళ తర్వాత, 1984లో, రోజర్ ఉల్‌రిచ్ ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళను 23 జంటలుగా పోల్చి చూశాడు. ప్రతి జంటలో ఒకరి కిటికీకి చెట్లు, ఇంకొకరి కిటికీకి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు త్వరగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. నర్సు కంటికి తెలిసింది లెక్కల్లోకి ఎక్కడానికి అన్నాళ్ళు పట్టింది. ఈలోగా ఎన్ని వార్డులు ఇటుక గోడల వైపు కట్టి ఉంటారు? ఇవాళ మన ఆయాల కళ్ళకు తెలిసి, మన షీట్లకు తెలియనివి ఎన్ని ఉన్నాయి?

అలాగని ప్రతిదీ బిగించి రాయడమూ మంచిది కాదనిపిస్తుంది. గది ఆయుష్షు షీటు ఆయుష్షు కంటే పెద్దది. 2020లో కరోనా వచ్చినప్పుడు రైల్వే వాళ్ళు 5 వేలకు పైగా పెట్టెలను ఐసొలేషన్ గదులుగా మార్చారు. కల్యాణ మండపాల్లో మంచాలు వేశారు. బిగించిన కిటికీలున్న ఏసీ గదుల కంటే ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలున్న పాత వార్డులు అప్పుడు ధైర్యమిచ్చాయి. అవి కట్టినవాళ్ళు ఆ జబ్బును ఊహించలేదు. గాలికి కాస్త ఎక్కువ చోటు వదిలారు, అంతే. కాబట్టి కొంత వదలాలి. ఉండబోయేవాళ్ళు తమ బుద్ధితో నింపుకోవడానికి కొంత ఖాళీ ఉండాలి. ఇలా అనుకుని ఊరట పడేలోపే ఇంకో సంగతి అడ్డొస్తుంది. ఇప్పటి లోపలి గోడలు చాలాచోట్ల జిప్సం బోర్డువి. వెనక ప్లైవుడ్ లేకపోతే ఆ బోర్డు బరువు మొయ్యదు. బాత్‌రూములో పట్టుకునే కడ్డీ ఎప్పుడో బిగించుకుందామన్నా గోడలో బలం ముందే ఉండాలి. రేపు తీగ లాగడానికి పైపు ఇవాళే వేయాలి. అంటే స్వేచ్ఛను కూడా ముందుగా రాయాలి! ‘ఇక్కడ ఏం చేస్తారో మాకు తెలియదు, అయినా గోడ మొయ్యాలి’ అని ఒక వాక్యం. షీటులో నాకు అన్నిటికంటే ఉదారమైన వాక్యంగా తోచేది అదే. తనకు తెలియనిదాన్ని ఒప్పుకుని, అవతలి మనిషి మీద నమ్మకం ఉంచే వాక్యం కదా అది.

ఇన్ని చుట్లు తిరిగి నేను చేరిన చోటు చాలా మామూలుది. షీటులో ఇంకా గళ్ళు పెంచమని నేననను. ఒక్క గడి చేర్చమంటాను: ‘ఎవరిని అడిగాం?’ హోదాలు చాలవు. రాత్రి డ్యూటీ నర్సును అడిగామా? నరం వెతకడానికి పక్క మంచం వాళ్ళ నిద్ర చెడని దీపం కావాలని ఆమె చెబుతుంది. తుడిచే మనిషిని అడిగామా? నిండు బకెట్టు నడుమెత్తు దాకా లేపే పని లేకుండా కుళాయీ తొట్టీ కిందికి ఉండాలని చెబుతుంది. రోగితో వచ్చిన మనిషిని అడిగామా? ఆమె బహుశా ముందు ఏమీ వద్దంటుంది, ఎందుకంటే ఆమెను ఇలాంటిది అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. రెండోసారి అడగాలి. వార్డులో ఒక రాత్రి ఆమె పక్కన కూర్చోవాలి. కట్టి ఏడాదయ్యాక మళ్ళీ వెళ్ళి, అదే షీటు చేత్తో పట్టుకుని, రాసినదేది నిజమైందో, రాయనిదేది గొళ్ళేలకు వేలాడుతోందో చూసి, తర్వాతి ఆసుపత్రి షీటులో ఎక్కించాలి. ఇది అదనపు ఖర్చు అనేవాళ్ళకు, అడగకపోవడం వల్ల అయ్యే ఖర్చు ఎవరి నడుం మీద పడుతోందో చూపించాలి. అలా అడిగినా అందరూ అన్నీ చెప్పరు, చెప్పినవన్నీ న్యాయమైనవీ కావు, న్యాయమైనవన్నీ డబ్బుకు లొంగవు. అవన్నీ తేల్చుకోవలసిన కష్టాలే. అయినా ముందు అడగాలి. ఆ గడి ఖాళీగా ఉన్న షీటు మీద, మిగతా అంకెలన్నీ ఎంత సరిగ్గా ఉన్నా, సంతకం పెట్టకూడదు.